కీర్తిశేషులు కోకా సుబ్బారావుగారు



మన సంఘ వార్షిక సంచికలలో మన పెద్దల చరిత్రలు ప్రకటించుట చిరకాలముగ వచ్చుచున్న యాచారము. ఆ చరిత్రలలో సాధారణముగ సత్రములు కట్టించినవారిని, చెరువులు త్రవ్వించినవారిని, విద్యార్థి వసతిగృహములకు భూములిచ్చినవారిని స్మరింతుము. శ్రీకూర్మనాథుని సన్నిధికి వచ్చు సభ్యులకు ఈమారు వేరొక విధమైన చరిత్రను వినిపించ దలచితిని. ఈయన జమీందారు కారు. దానశాసనములు వేయించినవారును కారు. భారతదేశ ప్రధాన న్యాయమూర్తి పీఠమును పదవీకాలము తీరకముందే విడిచి, రాష్ట్రపతి యెన్నికలో నిలిచి, ఓడిపోయినవారు. గెలుపులను వ్రాయుటకు మన సంచికలకు తీరిక చాలదు. ఓటమిని వ్రాయుట మాకును క్రొత్తయే. అయినను ఈ యోటమిని దాచినచో ఈయన చరిత్రలో సగము దాచినట్లే యగును.

కోకా సుబ్బారావుగారు 1902 వ సంవత్సరము జూలై 15 వ తేదీన రాజమహేంద్రవరమున వెలమ కుటుంబమునందు జన్మించిరి. తండ్రిగారు న్యాయవాది, కుమారుడు వృద్ధిలోనికి వచ్చుట చూడకయే గతించిరి. సుబ్బారావుగారు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలలో పట్టము పుచ్చుకొని, చెన్నపట్టణమునకు బోయి లా కాలేజీలో చదివిరి. విద్యార్థి దశలో మంచి ఆటగాడని పేరు. పిమ్మట తమ మామగారును, బాపట్ల ప్రాంతీయులును నగు పాకాల వెంకటరమణారావు నాయుడుగారి ఆఫీసులో జూనియరుగా చేరిరి. కొంతకాలము డిస్ట్రిక్టు మునసబుగా బాపట్లలో పని చేసిరి గాని ఆ యుద్యోగము కొన్ని మాసములకంటె సాగలేదు. మామగారు హైకోర్టు న్యాయమూర్తి కాగా, ఆ ఆఫీసును సుబ్బారావుగారును, వారి బావమరిది పి.వి. రాజమన్నారుగారును కలిసి నడపిరి. రాజమన్నారుగారు తెలుగు నాటకకర్తగా గూడ ప్రసిద్ధులు; 1948 లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి యైరి. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారును ఆ హైకోర్టున న్యాయమూర్తిగా నియుక్తులైరి.

ఆ దినములలో మన ప్రాంతమునుండి హైకోర్టు అప్పీలునకు పోవుట యెంతటి శ్రమయో పెద్దలు చెప్పగా విన్నవారము. శ్రీకూర్మమునుండి బండిమీద శ్రీకాకుళము, అచటినుండి ఆముదాలవలస స్టేషను, అచట రైలెక్కి చెన్నపట్టణము. చేరిన పిమ్మట అరవదేశమున బస వెదకుకొనుట, వకీలు గుమాస్తా యెదుట నిలుచుట. ఎకరము పొలముపై వ్యాజ్యమునకు రెండెకరములు అమ్ముకొనవలసిన రోజులవి.

1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ననుసరించి రాజధానియు హైకోర్టును వేర్వేరు ప్రాంతములలో నుండవలెను గనుక, రాజధాని కర్నూలునకు, హైకోర్టు గుంటూరునకు వచ్చినవి. హైకోర్టు నేర్పాటు చేయు భారము సుబ్బారావుగారిపై పడినది. భవనము, గ్రంథాలయము, రికార్డులు, సిబ్బంది అన్నియు క్రొత్తగా కూర్చుకొనవలసినవే. 1954 జూలై 5 న గుంటూరున ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైనది. దాని తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. 1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశ మేర్పడగా హైకోర్టు హైదరాబాదునకు తరలినది. అచటను వారే తొలి ప్రధాన న్యాయమూర్తి. రెండు రాష్ట్రముల హైకోర్టులకు పునాదులు వేయు భాగ్యము ఒక్క పురుషునకు దక్కుట అరుదు. 1958 జనవరి 31 న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీ చేరిరి.

ఢిల్లీలో వారి కీర్తికి మూలము గెలిచిన తీర్పులకంటె ఓడిన తీర్పులే. న్యాయశాస్త్రము తెలియని సభ్యులకొరకు ఒక మాట. అయిదుగురు న్యాయమూర్తులు కూర్చున్నపుడు నలుగురొక తీరుగను, ఒక్కరు వేరొక తీరుగను చెప్పినచో నలుగురి మాటయే చట్టము. ఆ యొక్కరి మాట పుస్తకములో అచ్చుపడును గాని ఆనాటి కక్షిదారునకు దానివలన కాసు ప్రయోజనము లేదు. అట్లు ఒంటరిగా వ్రాసిన తీర్పులు సుబ్బారావుగారివి అనేకములు. మన శ్రీకూర్మనాథుడు పశ్చిమాభిముఖుడై యుండుట యెల్లరకు తెలిసినదే. అందరు తూర్పు చూచుచుండగా పడమర చూచువారికిని ధ్వజస్తంభ ముండవచ్చునని ఈ క్షేత్రవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1958 లో పాట్నాలోని సర్చిలైటు పత్రిక సంపాదకుని వ్యాజ్యము వచ్చెను. బీహారు శాసనసభలో జరిగిన ప్రసంగమునందలి తొలగింపబడిన భాగమును ఆ పత్రిక ప్రకటించినది. శాసనసభ సభాహక్కుల ఉల్లంఘన మనినది. నలుగురు న్యాయమూర్తులు సభ పక్షము వహించిరి. సుబ్బారావుగా రొక్కరు పత్రికా స్వాతంత్ర్యము పక్షమున నిలిచిరి.

ఇంతకంటె మన గ్రామీణులకు దగ్గరి సంగతి ఖడక్ సింగు వ్యాజ్యము. ఉత్తరప్రదేశమున ఇతనిపై బందిపోటు కేసు పెట్టి, సాక్ష్యము లేక విడిచిరి. విడిచినను పోలీసులు వీడలేదు. మన వైపున కేడీ యని పేరు కెక్కినవానిని చూచినట్లే చూచిరి. ఇంటిచుట్టు రహస్యముగ కావలి, అర్ధరాత్రి తలుపు తట్టుట, ఊరు దాటిన వెంటనంటుట. 1962 డిసెంబరు 18 న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంటిలో జొరబడుట తప్పని అందరును ఒప్పిరి. కాని తక్కిన నిఘా చెల్లునని నలుగు రనిరి. వ్యక్తికి ఏకాంత హక్కు ప్రత్యేకముగ రాజ్యాంగమున లేదనియు చెప్పిరి. సుబ్బారావుగారును, షాగారును ఒప్పలేదు. మనుష్యుని స్వేచ్ఛ యనగా సంకెళ్లు లేకుండుట మాత్రమే కాదనియు, నిరంతరము నిఘానీడ వెంటనుండగా నడచువాడు స్వేచ్ఛగా నడచుచున్నట్లు కాదనియు, ఆ నిబంధన మొత్తము కొట్టివేయదగినదనియు సుబ్బారావుగారు వ్రాసిరి. దోషిగా నిరూపింపబడని పేదవాని గుమ్మము గూర్చి రాజ్యాంగ గ్రంథము తెరచి ఇంత వ్రాసినవారు అప్పటికి తక్కువ.

ఇక కులసంఘ సభ్యులమగు మనము శ్రద్ధగా వినవలసిన తీర్పులు రెండు. ఒకటి 1963 నాటి దేవదాసన్ వ్యాజ్యము. షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రత్యేకింపబడిన యుద్యోగములు ఒక సంవత్సరము నిండనిచో తరువాతి సంవత్సరములకు చేర్చవచ్చునని కేంద్రప్రభుత్వ నియమము. దానివలన ఒక యేట 45 ఖాళీలలో 29 వారికే పోయెను. ఇది సమానత్వమునకు విరుద్ధమని నలుగురు న్యాయమూర్తులు నియమమును కొట్టివేసిరి. సుబ్బారావుగా రొక్కరు వేరుగ వ్రాసిరి. గుఱ్ఱపు పందెములో మేలుజాతి గుఱ్ఱమును, సామాన్య గుఱ్ఱమును ఒక్క గీతవద్ద నిలిపి సమానావకాశ మనుట వంచన యనునది వారి వాదము. రిజర్వేషను సమానత్వమునకు మినహాయింపు కాదు, సమానత్వమునకే ఒక రూపమని వారి నిశ్చయము. 1975 లో థామస్ వ్యాజ్యమునను, 1992 నవంబరు 16 న ఇంద్రా సాహ్నీ వ్యాజ్యమునను సుప్రీంకోర్టు ఈ దృష్టినే స్వీకరించినది.

రెండవది 1964 నాటి చిత్రలేఖ వ్యాజ్యము. మైసూరు ప్రభుత్వము వృత్తిని, ఆర్థికస్థితిని బట్టి వెనుకబాటును నిర్ణయించినది, కులము నెంచలేదు. అట్లు చేయవచ్చునా యనునది ప్రశ్న. ఈమారు సుబ్బారావుగారు అధికసంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసిరి. కులమును ఒక గుర్తుగా పరిశీలింపవచ్చును గాని కులమే తరగతి కాదనియు, కులము నెంచకయే వెనుకబాటును కొలుచుట చెల్లుననియు అందలి సారము.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన చదివినపుడు మన బోంట్లకు కొంత తడబాటు కలుగక మానదు. ఉత్తరాంధ్రమున కొప్పులవెలమలు వెనుకబడిన తరగతుల పట్టికలో నున్నారు. మన కుటుంబములలో నెందరో ఆ సౌకర్యముచే చదువుకొనినవారు. అదే వెలమ నామధేయముతో సంస్థానము లేలినవారును గలరు. కులమును పట్టియే సమస్తమును కొలువవలెనని కోరువారికి సుబ్బారావుగారు చిక్కరు. కులమే చూడరాదనువారికిని చిక్కరు. మనవాడని మనము వారిని చెప్పుకొనుట సహజము. వారు మాత్రము పీఠముపై కూర్చుండి మనవాడను మాటను కొలమానముగ నంగీకరింపలేదు. ఇది చెప్పి యీ వ్యాసమును మన సంచికలో ప్రకటించుటయే సముచితమని నేను తలచుచున్నాను. వేరు విధముగ తలచు సభ్యులు క్షమింతురు గాక.

1966 జూన్ 30 న వారు భారతదేశ ప్రధాన న్యాయమూర్తి యైరి. ఆ పీఠమున కూర్చున్నది పదినెలలకు లోపే. 1967 ఫిబ్రవరి 27 న గోలక్‌నాథ్ వ్యాజ్యములో తీర్పు వెలువడినది. పంజాబుదేశమున జాలంధరులో 500 ఎకరములకు పైగా గల కుటుంబ మది. భూపరిమితి చట్టము ప్రకారము మనిషికి 30 ఎకరములే నిలుచును. పదునొకండుగురు న్యాయమూర్తులు విచారించిరి. అంతవరకు అంత పెద్ద ధర్మాసనము కూర్చుండలేదు. ఆరుగు రొకవైపు, ఐదుగురొకవైపు. ప్రాథమిక హక్కులను హరించు సవరణము చేయుటకు పార్లమెంటునకు అధికారము లేదని సుబ్బారావుగారి పక్షము నిర్ణయించినది. 1951 లోను, 1964 లోను అదే కోర్టు చెప్పిన మాటలు దీనితో తారుమారైనవి.

మన జిల్లా రైతు ఈ తీర్పు విని ఉలికిపడుటకు హేతువు గలదు. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముచే జమీందారీల చేతినుండి భూములు విడివడిన ప్రాంతము మనది. భూసంస్కరణములను కాపాడుటకు చేసిన సవరణములే చెల్లనిచో, జమీందారులు మరల వచ్చి దివాణములు తెరతురా? ఆ భయమునకు సుబ్బారావుగారే ఆ తీర్పులో సమాధానము చేర్చిరి. తాము చెప్పిన సూత్రము ఆనాటినుండి ముందునకే వర్తించును, వెనుక జరిగిన సవరణములు, వాని ననుసరించిన భూచట్టములు చెక్కుచెదరవనిరి. ఈ యుపాయము అమెరికా న్యాయస్థానములలో నెరిగినది. మన దేశమున వారే తొలుత ప్రయోగించిరి. గోలక్‌నాథు కుటుంబమునకు సిద్ధాంతమున జయము, పొలమున అపజయము. ఆస్తిపరుల పక్షపాతియని వారిని నిందించినవారు ఈ రెండవ భాగమును చదువరు. హక్కుల రక్షకుడని కొనియాడువారును అంతే.

ఆ ఫిబ్రవరిలోనే సార్వత్రిక యెన్నికలు జరిగెను. లోక్‌సభలో కాంగ్రెసునకు 520 స్థానములలో 283 మాత్రమే దక్కినవి. మద్రాసు, కేరళము, ఒరిస్సా మొదలగు రాష్ట్రములు చేజారినవి. మన శ్రీకాకుళము స్థానము సైతము స్వతంత్ర పార్టీ వశమై, నాలుగవ లోక్‌సభలో దానికి ఆచార్య ఎన్.జి. రంగాగారు ప్రతినిధు లైరి. రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అభ్యర్థి ఉపరాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు. స్వతంత్ర, జనసంఘము మొదలగు ప్రతిపక్షములు ఆయన కెదురుగ సుబ్బారావుగారిని నిలుపదలచెను. వారంగీకరించిరి. 1967 ఏప్రిల్ 11 న ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా యిచ్చిరి. పదవీవిరమణమునకు మూడు నెలలే గడువున్నది.

రాజీనామాకు ముందునాడు, ఏప్రిల్ 10 న, సత్వంత్ సింగు వ్యాజ్యమున తీర్పిచ్చిరి. ప్రభుత్వము తన యిష్టము వచ్చినట్లు పాస్‌పోర్టు నిచ్చుట, లాగుకొనుట కుదరదనియు, విదేశయానము వ్యక్తిస్వేచ్ఛలో భాగమనియు ముగ్గురు న్యాయమూర్తుల పక్షమున చెప్పిరి, ఇరువు రంగీకరింపలేదు. దాని ఫలితముగనే ఆ యేడు పాస్‌పోర్టు చట్టము వచ్చినది. ఒకప్పుడు కళింగపట్టణము రేవునుండి ఓడలెక్కి రంగము పోయిన కుటుంబములు మనవి. ఇప్పుడు దుబాయి, అమెరికా పోవు పిల్లలును మనవారే. వారి చేతిలోని చిన్న పుస్తకము దొరతనమువారి దయాధర్మము కాక చట్టప్రకారము దక్కునది యగుటకు ఈ తీర్పు కారణము.

ఇక రాజీనామా సంగతి. ఆనాడు న్యాయవాదులలో పెద్దలు పలువురు దీనిని తప్పుపట్టిరి. అందు న్యాయము లేకపోలేదని నాకును తోచుచున్నది. ప్రభుత్వమునకు వ్యతిరేకముగ తీర్పులు చెప్పిన న్యాయమూర్తి మరునాడే ఆ ప్రభుత్వ పక్షమున కెదురు అభ్యర్థిగా నిలిచినచో, ఓడిన కక్షిదారు ఏమనుకొనును? తీర్పు వ్రాయుచున్న చేయి నామినేషను కాగితము గూర్చి తలపోయలేదని యెట్లు నమ్మును? సుబ్బారావుగారి తీర్పులు ఆ యెన్నిక మాట పుట్టుటకు ఏండ్లముందునుండి ఒకే దారిని సాగినవి గనుక వారి నిజాయితి శంకింపరానిదే. అయినను గద్దె దిగినవాడు కొంతకాలము ఎండలో నిలిచి పిమ్మట బరిలో దిగుట మేలు. రాష్ట్రపతి పదవి పార్టీలకు అతీతమైనదను భావముతో వారు నిలిచియుందురని వారి యభిమానులు చెప్పుచుందురు. నిలిపినవి మాత్రము పార్టీలే.

ఈ యెన్నిక మన పంచాయతీ యెన్నికవంటిది కాదు. పార్లమెంటు సభ్యులును, రాష్ట్రముల శాసనసభ్యులును మాత్రమే ఓటర్లు. ఒక్కొక్కరి యోటునకు జనసంఖ్యను బట్టి కట్టిన విలువ. అంతకుముందు ఈ యెన్నిక పేరునకే జరిగెడిది. 1952 లో రాజేంద్రప్రసాద్‌గారికి 5,07,400 రాగా, ఎదురు నిలిచిన కె.టి. షాగారికి 92,827. 1962 లో రాధాకృష్ణపండితునకు 5,53,067, తరువాతివానికి 6,341. పోటీదారు కనబడుటయే గగనము.

1967 మే 6 న ఓట్లు పడినవి. బరిలో 17 గురు అభ్యర్థులుండిరి గాని పోటీ యిద్దరి నడుమనే. జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971. తేడా 1,07,273. ఓటమియే, కాని రాష్ట్రపతి పదవి వెదకుకొని వచ్చు పదవి కాదు, గెలుచుకొనవలసిన పదవి యని దేశమునకు తొలిసారి తెలిసినది. ఆంధ్ర శాసనసభలో కాంగ్రెసువారికే ఆధిక్యముండెను. తెలుగువాడను మాట పార్టీ యాజ్ఞను దాటలేదు.

అదే సమయమున ఉపరాష్ట్రపతి యెన్నికలో గెలిచినవారు వరాహగిరి వేంకటగిరిగారు. బరంపురమున పుట్టి, 1937 లో బొబ్బిలిలో బొబ్బిలి రాజావారినే ఓడించి, 1952 లో మన పాతపట్నము స్థానమునుండి లోక్‌సభకు పోయినవారు. ఈ ప్రాంతపు వెలమ గృహములలో బొబ్బిలి యెన్నిక ముచ్చట ఇంకను ముగియలేదని యెరుగుదును. రెండేండ్లకు, 1969 లో, గిరిగారు నీలం సంజీవరెడ్డిగారితో పోటీపడి రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కింపగా 4,20,077 తో రాష్ట్రపతి యైరి, సంజీవరెడ్డిగారికి 4,05,427. 1967 లో సుబ్బారావుగారు తెరచిన పోటీ మార్గముననే ఇద్దరు తెలుగువారు నడచిరి.

ఓటమి పిమ్మట సుబ్బారావుగారు మరల యెన్నికల జోలికి పోలేదు. 1971 లో పార్లమెంటు ఇరువదినాల్గవ సవరణముచే గోలక్‌నాథ్ తీర్పును త్రోసివేసినది. 1973 ఏప్రిల్ 24 న కేశవానంద భారతి వ్యాజ్యమున 13 గురు న్యాయమూర్తులు, 7 గురు ఒకవైపు 6 గురు ఒకవైపుగ, గోలక్‌నాథ్ సూత్రమును కాదని, రాజ్యాంగపు మౌలిక స్వరూపమును మాత్రము పార్లమెంటు తాకరాదనిరి. త్రోవ వేరైనను, పార్లమెంటు అధికారమునకు హద్దు గలదను సుబ్బారావుగారి మాట మరియొక రూపమున నిలిచినది.

1975 జూన్‌లో అత్యయిక పరిస్థితి వచ్చెను. 1976 ఏప్రిల్ 28 న సుప్రీంకోర్టు, నలుగు రొకవైపు, హెచ్.ఆర్. ఖన్నాగా రొక్కరు వేరొకవైపుగ, నిర్బంధింపబడినవాడు తన విడుదలకై కోర్టు తలుపు తట్టుటకు సైతము వీలులేదని తీర్పు చెప్పెను. ఎనిమిది దినములకు, మే 6 న, సుబ్బారావుగారు పరమపదించిరి. తొమ్మిదేండ్ల క్రిందట రాష్ట్రపతి యెన్నిక జరిగినదియు మే 6 ననే.

పిమ్మట 41 సంవత్సరములకు, 2017 ఆగస్టు 24 న, పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాంత హక్కు ప్రాథమిక హక్కే యని ఏకగ్రీవముగ నిర్ణయించిరి. ఖడక్ సింగు వ్యాజ్యమున సుబ్బారావుగారును, షాగారును వ్రాసినదే సరియైన మాట యని అందు చెప్పబడినది. 1976 ఏప్రిల్ 28 నాటి తీర్పు తప్పని కొట్టివేయబడినదియు ఆ తీర్పునందే.